అత్త ఖాతాలో నేను నడిపిన నాణేలు

మా మేనత్త నన్ను పొగిడినప్పుడల్లా తలవంచుకుంటాను. చూసేవాళ్లు వినయం అనుకుంటారు. కాదు. రెండేళ్లుగా మోస్తున్న బరువు అది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అత్తది పోచంపల్లి. పట్టునూలుకు సైకిల్ ట్యూబు పట్టీలతో ముడులు కట్టి రంగులో ముంచుతుంది. ఆ ముడిని చిటికి అంటారు. ఒక్క చిటికి జరిగినా చీరలో పువ్వు పక్కకు పోతుంది. అలా పోయిన చోట అంచుకు తనే ఒక ఎర్రదారం కట్టి, కొనేవాళ్లకు చూపిస్తుంది. "దాస్తే బట్ట ఊకుంటదా?" అని నవ్వుతుంది.

ఇంజినీరింగ్ అయ్యాక ఆమె ఇంట్లో ఉంటూ క్రిప్టో అనే డిజిటల్ నాణేలు మార్చే చిన్న పని మొదలుపెట్టాను. నాణేలు తీసుకుని రూపాయలు పంపడం, రూపాయలు తీసుకుని నాణేలు పంపడం, మధ్యలో కొంత నాకు. ఇలాంటి పనికి నియమాలున్నాయని తెలుసు. కాగితం మీద రాసుకున్నాను కూడా: కేంద్ర ఆర్థిక నిఘా విభాగంలో నమోదు కావాలి, ప్రతి మనిషి గుర్తింపు పత్రాలు తీసుకోవాలి, అనుమానం వస్తే వాళ్లకు తెలపాలి. మూడింటి పక్కనా 'తర్వాత' అని రాశాను. ఇంత చిన్నవాణ్ని ఎవరు చూస్తారులే అనుకున్నానా? చూస్తారన్న భయంతోనే వాయిదా వేశానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

నా బ్యాంకు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాక, అత్త ఖాతా వాడాను. ఆమెకు చెప్పకుండా. చీరల డబ్బు కోసం ఆమె ఫోన్‌లో యాప్ పెట్టింది నేనే. రహస్య సంఖ్య ఏం పెట్టాలని అడిగితే, "నువ్వు పుట్టిన సంవత్సరం పెట్టు, యాదుంటది" అంది.

నా దగ్గర నాణేలు కొన్న ఒకడు, ఇంకెవరినో మోసగించి కాజేసిన డబ్బు ఆ ఖాతాలోకి పంపాడు. ఎక్కడో ఫిర్యాదు పడింది. అత్త ఖాతా ఆపేశారు. పట్టు కొనేందుకు బ్యాంకుకు పోయినామె వట్టి చేతులతో తిరిగొచ్చి గడపలో కూర్చుంది.

"సైబర్ నేరమంట అల్లుడా. మొన్న గ్యాస్ గురించి ఎవడో ఫోన్ జేస్తే నంబర్ చెప్పిన గదా, గాడే చేసిండు. మీ మామకు చెప్పకు, సిగ్గయితాంది. గిన్ని చిటికిలు లెక్క తప్పకుండ కడుత, గా ఒక్క మాట కాడ తప్పిన సూడు."

ఆ ఫోన్ వల్ల ఏమీ పోలేదని నాకు తెలుసు. నోరు తెరవాల్సింది అప్పుడే. తెరిచాను.

"ఫికర్ చెయ్యకు అత్తా, గిట్ల అందరికీ అయితది."

పోలీసులకు దరఖాస్తు కూడా నేనే రాశాను, గుర్తు తెలియని వ్యక్తి మోసం చేశాడని, ఆమె చెప్తున్నట్టుగా. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. నాకు చాయ్ పోసి, "నువ్వు లేకుంటే ఏమైపోదునో" అంది.

ఖాతా తెరుచుకునేదాకా ఆమె మగ్గం ఆగింది. పక్కింటి మగ్గం మీద కూలికి నేసింది. ఖాతా తిరిగొచ్చింది, ఆమె ధైర్యం రాలేదు. ఫోన్ మోగితే, "జర నువ్వు మాట్లాడు" అని నా చేతిలో పెడుతుంది. ఒకప్పుడు పాడుతూ చిటికిలు కట్టే మనిషి, ఇప్పుడు పాట మానేసి ప్రతి వరుసా రెండుసార్లు లెక్కపెడుతుంది. నేను తీసుకున్నది అది. ఏ దరఖాస్తుతో తిరిగిస్తాను?

ఆ పని మానేశాను. ఇప్పుడు అదే నాణేల పని చేసే, నమోదైన ఒక కంపెనీలో ఉద్యోగం. ఖాతా ఎవరిది, నడిపేది ఎవరు అని పొద్దంతా జనాన్ని అడుగుతాను.

పోయిన వారం చొక్కా కుట్టించుకోమని అత్త బట్ట ఇచ్చింది. అంచుకు ఎర్రదారం ఉంది. "గిక్కడ తప్పింది, నా చెయ్యే" అంది. దర్జీ ఆ దారం తెంపబోతే వద్దన్నాను.

ఆమె క్షమిస్తుందని తెలుసు. చాయ్ కూడా పోస్తుంది. ఆ చాయ్ ఎలా తాగాలో తెలియకే ఇంకా చెప్పలేదు. ముందు ఇక్కడ రాస్తున్నాను, ఆమెకు చెప్పాల్సిన మాట కనీసం రాయగలనో లేదో చూద్దామని.

అత్తా, ఆనాడు నీ చెయ్యి తప్పలేదు. నాది తప్పింది.

రాయగలిగాను.