చీపుర్ల గుట్ట మీద నీలం జత

సిద్దిపేటలో మంచు పడదు. మంచు మీద జారే స్కీల గురించి తెలిసిన మనిషి మాత్రం ఒకడున్నాడు. పేరు ఓంప్రకాశ్. పద్మశాలి ఇంటి కొడుకు. తండ్రి నాగయ్య ఇప్పటికీ గుంత మగ్గం మీద చీరలు నేస్తాడు. కొడుకు మగ్గం దిగి గల్ఫ్‌కు పోయాడు. అక్కడ ఎడారి నడుమ, వందల దుకాణాలున్న ఒక భవనంలో, అద్దాల వెనక మంచు కొండ కట్టారు. ఆ కొండ అడుగున స్కీల గదిలో అతనికి పని దొరికింది. బయట ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల ఉన్ని టోపీ పెట్టుకుని, వచ్చినవాళ్ల కాళ్లకు బూట్లు తొడిగేవాడు. స్కీల అడుగున మైనం పూసి ఇస్త్రీ చేసేవాడు. ఎవరి కాళ్లో జారడానికి ఎవరి చేతులో అరిగిపోయాయి. ఈ జిల్లాకు ఇది కొత్త సంగతి కాదు.

ఈసారి సెలవుకు వచ్చినప్పుడు సూట్‌కేసు పూర్తిగా విప్పలేదు. బీరువా పక్కన సగం తెరిచి ఉండిపోయింది. టికెట్ తేదీ చెప్పమని ఏజెంటు ఫోన్ చేస్తున్నాడు. ఓంప్రకాశ్‌కు వెళ్లాలని లేదు. కారణం అతని కూతురు హర్షిణి. రెండో తరగతి పిల్ల. వచ్చిన వారంలోనే పక్కింటి రామవ్వ గుమ్మంలో నిలబడి, "మీ బాపు ఏడిరా బిడ్డా?" అని అడిగింది. ఎదురుగా మంచం మీద తండ్రి కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పిల్ల అలవాటు కొద్దీ గూట్లో ఉన్న ఫోన్ తెచ్చి రామవ్వ చేతిలో పెట్టింది. రామవ్వ నవ్వింది. ఓంప్రకాశ్ కూడా నవ్వాడు గానీ ఆ చాయ్ పూర్తి చేయలేదు.

ఉండిపోవడానికి దారి ఒకటే కనిపించింది. నంగునూరు వైపు క్రషర్లు సగం తినేసిన గుట్ట ఒకటుంది. మిగిలిన సగాన్ని ప్రమీలాదేవి అనే ఆవిడ కొని, వాలంతా చీపురు పుల్లల్లా నిలబడే ప్లాస్టిక్ కుచ్చుల చాపలు పరిపించింది. మంచు లేని చోట్ల స్కీ నేర్చుకునేది ఇలాంటి చాపల మీదే. జారుడు కోసం వాటి మీద పైపులతో నీళ్లు చల్లుతారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చూసి వెంటనే పేరు పెట్టేశారు, చీపుర్ల గుట్ట. "పొలాలకు నీళ్లు లెవ్వు గని చీపుర్లకు పెడ్తున్రు. ఏం మొలుస్తదో సూడాలె" అనుకుంటూ మేకలు తోలుకుపోయేవాళ్లు. అన్నదాంట్లో తప్పేమీ లేదు.

గుట్ట తెరవడానికి ముందు స్కీలు కొనాలి. ప్రమీలాదేవికి ఒకే రకం కావాలి. అవే స్కీలతో కొత్తవాళ్లు పొడవాటి వాలు మీద నేర్చుకోవాలి. ఆరితేరిన కుర్రాళ్లు ఒక మూల కట్టిన పార్కులో ఇనుప పైపుల మీద జారాలి, దిబ్బ ఎక్కి ఎగరాలి. కంపెనీలు నమూనాకు రెండు జతలు పంపాయి, ఎర్రది ఒకటి, నీలంది ఒకటి. రెండూ ముందూ వెనకా మూతి పైకి లేచిన ట్విన్ టిప్ రకమే. గల్ఫ్‌లో చేసిన పని సంగతి విని, ఏది మంచిదో పరీక్షించి చెప్పే పని ప్రమీలాదేవి ఓంప్రకాశ్‌కు ఇచ్చింది. అతని మాట నిలబడితే గుట్ట మీద స్కీల గదిలో ఉద్యోగం అతనిది. నిలబడకపోతే ఏజెంటుకు టికెట్ తేదీ చెప్పడమే.

రెండు జతలూ ఇంటికి తెచ్చాడు. మగ్గం గదిలో గోడకు ఆనించి పెడితే నాగయ్య నేత ఆపి చూశాడు.

"ఏందిరా గిది? రెండు దిక్కుల మూతి లేచింది?"

"ముంగటికి జారొచ్చు, ఎన్కకు జారొచ్చు నాయినా."

"ఎన్కకు ఎందుకు జారుడు? ముంగట గోడుంటదా?"

"ఎగిరి గాల్ల తిరిగి, ఎన్కకు దిగుతరు. తోక సదరంగ ఉంటే నేలల గుచ్చుకుంటది. మూతి లేస్తే జారుకుంట పోతది."

నాగయ్య చేతిలో నాడె ఉంది. పడుగు మధ్య నుంచి పేక నూలు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే కొయ్య అది. రెండు కొనలూ ఒకే తీరున కోసుగా ఉంటాయి. దాన్ని ఎత్తి చూపించాడు.

"గట్లంటే నాడెనే గదరా. నాడెకు ముంగటేది, ఎన్కదేది? ఎటు కొడ్తె అటే ముంగట."

నాడె అన్న మాట ఓంప్రకాశ్‌కు భలే నచ్చింది. ఇన్నేళ్లూ పరాయి సొత్తుగా మోసిన వస్తువుకు ఇంటి పేరు దొరికినట్టయింది.

పరీక్ష మొదలుపెట్టాడు. స్కీ తోక నేల మీద ఆనించి, మూతి పట్టుకుని, నడుము మీద అరచేత్తో నొక్కాడు. ఎర్రది తడి బెత్తంలా వంగింది. పైపుల మీద ఆటకు బాగుంటుంది, కొత్తవాళ్ల కాలికీ తేలిక. కానీ బరువైన మనిషి వేగంగా దిగితే నిలకడ ఉండదు. నీలంది కొనల దగ్గర మెత్తన, నడుము దగ్గర గట్టి. అంచున ఉక్కు పట్టీ మందంగా ఉంది, పైపులకు తగిలినా త్వరగా చిట్లదు. అన్ని పనులకూ పనికొచ్చేది నీలందే అని అతని చేతులు చెప్పాయి. నాగయ్యకు మాత్రం నచ్చలేదు.

"గీ నీలంది దొంగ నాడె. ముంగటి మూతి మస్తు లేచింది, ఎన్క మూతి జర ఒదిగింది. నాడె నట్టనడుమ తూగకపోతె దారి తప్పుతది."

ఓంప్రకాశ్ భార్య నవత వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది.

"తండ్రి కొడుకులు చెక్కలకు పెండ్లి సంబంధం సూస్తున్రా? నా ఇస్త్రీపెట్టె యాడ వెట్టినవ్?"

"మైనం పెడ్తున్న. జర ఆగు."

"నిన్న దేవిక జాకెట్ మీద తెల్లగ మరక వడ్డది. నీ చెక్కలకు చేసుడైనంక మాకు చెయ్యుమంటవ్."

దేవిక మద్దూరు పిల్ల. హిమాలయాల్లో స్కీ నేర్చుకుని వచ్చింది. గుట్ట మీద నేర్పడానికి ప్రమీలాదేవి పెట్టుకున్నది ఆమెనే. మర్నాడు ఈ రెండు జతల మీద దిగి చూడాల్సిందీ ఆమే.

బూటును పట్టి ఉంచే బిగింపు ఈ స్కీల మీద పట్టాలపై ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దాని పక్కన గీతలుంటాయి. ఏ గీత దగ్గర పెట్టాలన్నది ఓంప్రకాశ్ తేల్చాలి. గల్ఫ్‌లో అతను ముట్టుకున్నవి కొత్తవాళ్ల స్కీలు, బిగింపు ఎక్కడుండాలో ముందే రాసి ఉండేది. ట్విన్ టిప్‌లు తెచ్చుకునేవాళ్లు సొంతంగా బిగించుకునేవాళ్లు. కొందరు నట్టనడుమ పెట్టుకోవడం చూశాడు, ఎందుకని అడగలేదు. పనివాడు అడిగితే జవాబు చెప్పే చోటు కాదది. ఇప్పుడు తండ్రి నూలు కండె నుంచి పోగు తెంపి, స్కీ కొస నుంచి కొసకు పట్టి, సగానికి మడిచాడు. మడత పడిన చోట ఒక గీత సరిగ్గా ఉంది. రెండు జతలకూ అక్కడే బిగించాడు. నాగయ్య నీలం స్కీని వేలి మీద నిలబెట్టి చూసి, "ఇగ నాడె అయింది" అన్నాడు.

పొద్దున గుట్ట మీద నీళ్లు చల్లుతున్నారు. దేవిక ముందు ఎర్ర జత వేసుకుంది. పైపు మీద పక్కకు తిరిగి జారింది, దిబ్బ ఎక్కి ఎగిరి వెనక్కు దిగింది. అదంతా బాగానే ఉంది. పొడవాటి వాలు సగం దాటాక స్కీలు చాప మీద టపటపలాడడం కింద నిలబడ్డవాళ్లకు కూడా వినిపించింది.

"పైపుల కాడ మస్తుంది అన్నా. కింద స్పీడందుకుంటే నా పండ్లు గూడ కదిలినయ్" అంది.

తరువాత నీలం జత. పైపు మీద నిలకడగా పోయింది. ఎగిరి వెనక్కు దిగినప్పుడు చప్పుడే లేదు. అప్పుడామె పొడవాటి వాలు అందుకుంది. రెండు చాపలు అతికిన చోట ముందు మూతి గుచ్చుకుంది. దేవిక మనిషి మనిషే ముందుకు పల్టీ కొట్టి, కుచ్చుల మీద దొర్లి, కింద ఆగింది. మోచెయ్యి గీరుకుపోయింది.

ప్రమీలాదేవి పరుగెత్తింది. దేవిక లేచి నిలబడ్డాకే ఓంప్రకాశ్ వైపు తిరిగింది.

"నీలంది వద్దే వద్దు. ఎర్రదే తెప్పిద్దాం. నీలంది మంచిదని ఫోన్ల మీరే చెప్పిన్రు గద ఓంప్రకాశ్. ఇప్పుడేమంటరు?"

"ఎర్రదే మేడం" అంటే చాలు. జాగ్రత్త గల మనిషి అనిపించుకుంటాడు, గది తాళాలు చేతికొస్తాయి. ఎర్ర స్కీల మీద బరువైన మనిషి తూలిపడేది ఎప్పటికో కదా. ఓంప్రకాశ్ చాప మీద మోకాళ్లూని నీలం స్కీ చేతిలోకి తీసుకున్నాడు. ముందు మూతి మీద కుచ్చులు గీసిన గీతలున్నాయి. తోక దగ్గర ఒక్కటీ లేదు. బూటు ఉన్న చోటు నుంచి ముందు మూతి వరకు చూశాడు. చాలా పొట్టిగా కనిపించింది.

"తప్పు దీంది కాదు మేడం. నాది. నాడె లెక్క నట్టనడుమ బిగించిన."

"నాడె ఏంది?"

"మగ్గం నాడె. దానికి నడుమనే తూగాలె. కని నాడె మీద మనిషి నిలబడడు గద. గీ చెక్క మీద మనిషి ఉంటడు, కిందికి దిగుతుంటె ముంగటికి ఒరుగుతడు. ముంగట ఇంకింత పొడుగుండాలె. గది నేను సోచాయించలె."

ప్రమీలాదేవి ముఖం ఎర్రబడింది. "తెల్వకుంటనే బిగించిన్రా? పిల్ల మెడ ఇరిగితె ఏం జేద్దుము?"

దేవిక చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"నా మెడ గీడనే ఉంది మేడం. యాడ బిగించినవని నేనన్న అడగాలె, అడగలే. ఇంకోపారి దిగుత."

"నువ్వద్దు చెల్లె" అన్నాడు ఓంప్రకాశ్. "ముందు నేను దిగుత."

గల్ఫ్‌లో భవనం మూసే ముందు ఎప్పుడైనా పనివాళ్లను కొండ ఎక్కనిచ్చేవాళ్లు. ఆ కాస్త నేర్చుకున్నదే అతని విద్య. బిగింపు మీట ఎత్తి, రెండు వేళ్ల మందం వెనక్కు జరిపి, వెనక గీత దగ్గర లాక్ చేశాడు. పైకి ఎక్కి నిలబడితే కింద మేకలవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. వదిలాడు. చేతులు చాచి, నడుము వంచి, చూడ్డానికి అందమేమీ లేని దిగుడు. అతుకు దగ్గరికొచ్చింది. మూతి దాని మీదుగా ఎక్కి, ఏమీ కానట్టు దాటింది. వేగం పెరిగినా కాళ్ల కింద చెక్క కదలలేదు. ఆగడం మాత్రం సరిగ్గా రాక చివర పేర్చిన గడ్డి మోపుల్లోకి పోయి పడ్డాడు.

"ఏమన్నా, మంచిగ ఊడ్చినవా?" అని మేకలాయన కేకేశాడు.

"కొంచెం మిగిలింది, నువ్వు రా!" అన్నాడు ఓంప్రకాశ్ గడ్డి దులుపుకుంటూ.

ఆ తరువాత దేవిక దిగింది. పైపు మీద జారి, దిబ్బ ఎగిరి, వెనక్కు దిగి, వెనక్కే కొంత దూరం పోయి, తిరిగి, అదే ఊపులో పొడవాటి వాలంతా ఆగకుండా వచ్చింది. "పైపు మీద ఇందాకటంత ఆట రాదన్నా. అయినా గిదే గావాలె. అన్నిటికి ఒస్తది" అంది.

ప్రమీలాదేవి నీలం జత చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. కోపం పూర్తిగా తగ్గలేదు.

"నీలందే తెప్పిద్దాం. కని ప్రతి జత మీరే బిగించాలె. బిగించినంక ముందు మీరే దిగాలె. ఇంకొకల్లను దింపుడు తర్వాత."

"ప్రతి జతనా మేడం?"

"ప్రతి జత. జర ఆగుడు గూడ నేర్సుకోన్రి."

ఇంటికి వచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగి ఉంది. నాగయ్య మగ్గం మీద నుంచే అడిగాడు.

"నా నాడె ఏం జేసిందిరా?"

"బోల్త కొట్టిచ్చింది."

"నడుమ తూగింది గదా?"

"తూగింది నాయినా. మనిషినే మర్సినం."

నాగయ్య "మగ్గంల మనిషి బయటుంటడు. నిజమే" అని మళ్లీ నాడె కొట్టాడు.

నవత ప్యాంటు చిరుగు చూసింది, మొగుడి ముఖం చూసింది. "ఏజెంటుకు ఏం జెప్పినవ్?"

"టికెట్ వద్దన్న."

ఆమె సూట్‌కేసు మంచం మీదకు లాగి, మడత పెట్టిన చొక్కాలన్నీ బయట వేసింది. ఖాళీ అయిన దాంట్లో మైనం ముద్దలు, స్క్రూడ్రైవర్లు, ఆకురాయి, చివరికి మరకలు పడ్డ ఇస్త్రీపెట్టె పెట్టి మూత వేసింది. "గిది గుట్టకు తీస్కపో. నాకు కొత్తది దెచ్చి ఇంట్లకు రా."

మర్నాడు రామవ్వ చింతపండు కోసం వచ్చి, మంచం ఖాళీగా ఉంటే హర్షిణిని అడిగింది. "మీ బాపు మల్ల పోయిండా బిడ్డా?"

హర్షిణి గూటి వైపు చూడలేదు. గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంటూ జవాబిచ్చింది.

"చీపుర్ల గుట్టకు పోయిండు. పొద్దూకంగ వస్తడు."