శేషంలో మిగిలిన ఇద్దరం

ఈ మధ్య తార్నాకలో ఏ హోటల్లోనూ టీ పూర్తిగా తాగనివ్వడం లేదు. ఇంకా రెండు గుక్కలుండగానే కప్పు తీసుకుపోయి బల్ల తుడిచేస్తున్నారు. ఆ అసంతృప్తితోనే ఇంటికొస్తే, మా అపార్ట్‌మెంటు వాళ్ళ పిక్నిక్‌కు ఎన్ని వ్యాన్లు నిండుతాయో మనవరాలు స్ప్రెడ్‌షీట్‌లో లెక్క చూస్తున్నది. కోషెంట్ అనే ఫంక్షన్ కొట్టగానే భాగఫలం వచ్చింది. శేషమేదమ్మా అన్నాను. "ఇది శేషం చూపియ్యదు తాతా, వదిలేస్తది" అంది.

అలాంటి శేషంలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. అరవైల చివర, యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ క్లాసును చేత్తో తిప్పే లెక్కల మిషన్లకు నలుగురేసి చొప్పున పంచితే ఇద్దరం మిగిలాం: అడిక్‌మెట్ గది నుంచి నడిచివచ్చే నేను, తండ్రి ఉద్యోగరీత్యా కర్నూలు నుంచి వచ్చి తార్నాకలో ఉంటున్న ఒక సహాధ్యాయిని. "మీరిద్దరు మిగిలిన్రు, గా మూలకున్న పాతది పట్టుండ్రి. జర గట్టిగ తిప్పాలె" అన్నాడు ల్యాబు అటెండరు. యూనివర్సిటీ వారు నాకు చేసిన పెద్ద మేలు అదొక్కటే.

ఆ మిషను మీద భాగహారమంటే పిడిని వెనక్కి తిప్పుతూ తీసివేసుకుంటూ పోవడమే. ఒక చుట్టు ఎక్కువైతే గంట మోగేది. ఒక చుట్టు ముందుకు తిప్పి సరిచేసుకుంటే, మిగిలిన చుట్ల లెక్కే భాగఫలం. తిప్పడం నాది, రాయడం ఆమెది. గంట మోగినప్పుడల్లా, గుళ్ళోనైతే ప్రసాదమైనా పెడతారు కదా అని నేననడం, "మాటలు చాలు గానీ తిప్పండప్పా" అని ఆమె నవ్వు దాచుకోవడం. ఆ నవ్వు కోసం ఆ చదువు సాగిన రెండేళ్ళూ నాకున్న హాస్యమంతా ఖర్చుపెట్టాను. చెప్పవలసిన ఒక్క మాట మాత్రం దాచుకున్నాను.

ఆఖరి ప్రాక్టికల్ అయిన సాయంత్రం వాళ్ళ నాన్నగారికి బదిలీ అయిందని, మర్నాడే ప్రయాణమని ఆమె చెప్పింది. తార్నాకలో వాళ్ళ సందు మొగదాకా వెంట నడిచి, జీవితంలో మొదటిసారి ఏ చమత్కారమూ కలపకుండా, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగేశాను.

వాళ్ళున్న ఇల్లు పోయి అక్కడ అంతస్తులు లేచాయి. పిడి తిప్పే పని పోయింది, పక్కన కూర్చుని రాసుకునే మనిషి అవసరమూ పోయింది. ఆమె ముఖం కూడా కొంచెం కొంచెంగా చెరిగిపోతున్నది గాని, ఆ సందు మొగలో నిలబడి, నవ్వకుండా ఆమె అన్న మాట మాత్రం చెరగలేదు.

"రెండేళ్ళూ మీరన్నదంతా ఎగతాళికే కదా. ఇదొక్కటి నిజమని ఎట్ల నమ్మేది?"