మాణిక్యం పిన్ని పుస్తకంలో నోటి భాగం

ఊడిమూడిలో మాణిక్యం గారి ఇల్లెక్కడ అంటే ఎవరూ చెప్పలేరు. అరబ్బీ మాణిక్యం ఇల్లని అడగాలి. అప్పుడు పలక పట్టిన పిల్లలు కూడా కాలవ గట్టు దాకా తీసుకెళ్ళి కొబ్బరాకుల గుట్ట చూపిస్తారు. ఆ గుట్ట వెనకాల కూర్చుని ఈనెలు గీస్తూ, ఎదురుగా ఉన్న అమ్మాయిని అరబ్బీలో కసురుతూ ఉండే మనిషే ఆవిడ.

ఆ కసరడమే పాఠం. కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళబోయే ఆడవాళ్ళకి పిన్ని భాష నేర్పుతుంది. ఫీజు లేదు. నేర్చుకున్నంతసేపూ ఈనెలు గీసి పెట్టాలి. చదువు వాళ్ళకి, చీపుర్లు ఆవిడకి. "జీబీ మాయ్" అని ఉరిమితే లేచి మంచినీళ్ళు తేవాలి. గ్లాసు బదులు చెంబు తెస్తే మళ్ళీ ఉరుముతుంది. అక్కడ ఎవరూ బుజ్జగించి చెప్పరు కాబట్టి ఇక్కడా బుజ్జగించకూడదని ఆవిడ పద్ధతి.

నాది గన్నవరం సెంటర్లో ఫ్లెక్సీల కొట్టు. ఆవిడ రాసిన అరబ్బీ-తెలుగు నిఘంటువుని టైపు కొట్టింది నేనే. అందుకే ఆవిడ కథ చెప్పే పని నా మీద పడింది. మిగతా ఊరికి ఆవిడ చీపుర్లూ, కసుర్లూ మాత్రమే తెలుసు.

ఆవిడ మొగుడు, కొబ్బరి దింపు తీసే అప్పలరాజు బాబాయి, చెట్టు మీంచి జారి నడుం పోగొట్టుకున్న ఏడు పిన్ని కువైట్ విమానం ఎక్కింది. చదివింది ఐదో తరగతి. మొదటి నెలంతా పనికి కుదిరిన ఇంటి మేడం ఏమన్నా తలూపిందట. బియ్యం కడగమంటే తలూపి బాత్‌రూం కడిగిందట. ఆ తర్వాత మాట విన్నప్పుడల్లా టిష్యూ డబ్బా అట్టలు చింపి, వాటి మీద తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మొదలెట్టింది. మేడం వాటిని చెత్తనుకుని పారేసింది. పిన్ని మళ్ళీ రాసింది. తిరిగొచ్చినప్పుడు విమానాశ్రయంలో ఆవిడ కార్టన్ విప్పించేరు. బంగారం ఉందనుకున్న ఆఫీసరుకి అట్టముక్కలు దొరికేయి.

"ఇన్నేళ్ళుండి ఇదేటమ్మా తెచ్చుకున్నావు?" అన్నాట్ట ఆయన.

"మాటలండి. చూసి మళ్ళీ వరసలో పెట్టెయ్యండి బాబూ, కలిసిపోతాయి" అందిట ఈవిడ.

ఆ వరసే ఆవిడ విద్య అంతా. నిఘంటువంటే అ నుంచి మొదలవ్వాలని నేను తెలివి ఒలకబోసేను.

"తలుపు తియ్యగానే మేడం అ ఆ ఇ ఈ అంటాదేట్రా?" అంది పిన్ని. "రా అంటాది. చెప్పులిప్పు అంటాది. చేతులు కడుక్కో అంటాది. ఆ వరసలోనే కొట్టు."

అలా గుమ్మం దగ్గర మొదలై, వంటిల్లు, పిల్లల గది, ముసలాయన మందులు, చుట్టాల భోజనాలు దాకా సాగుతుంది మొదటి సగం. మనం వినాల్సిన మాటలు కాబట్టి దానికి చెవి భాగం అని పేరు పెట్టింది. మనకి ముందే తెలిసిన అరబ్బీ మాటలున్న అట్టల మీద కుంకం బొట్టు పెట్టుకుంది. జవాబు, సవాలు, తారీఖు, వకీలు. "మన తాసీల్దారాఫీసు సగం అక్కడిదేరా" అని నవ్వేది. హాజరు అట్ట మీద మాత్రం బొట్టు అరిగిపోయింది. అక్కడ దాన్ని హాదిర్ అంటారు. పనిమనిషి నోట్లో ఆ మాటకి అర్థం 'అలాగేనండి, చేస్తానండి'. రోజంతా అనే మాట అదొక్కటే.

రెండో సగం నోటి భాగం. మేడంతో మనం అనాల్సిన మాటలు. ఒంట్లో బాగాలేదు. నిద్రపోవాలి. జీతం ఇవ్వండి. నా పాస్‌పోర్టు ఏది? ఇవి పోగెయ్యడానికే ఆవిడకి ఏళ్ళు పట్టింది, ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరూ ఆవిడకి ఆ మాటలు నేర్పరు కదా. ఒంట్లో బాగాలేదన్నది ఆస్పత్రిలో తుడిచే శ్రీలంకావిడ చెప్పింది. పాస్‌పోర్టు సంగతి ఎంబసీ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు చెప్పేరు. 'నాకొద్దు' అన్న మాట, 'మా అబీ', తను పెంచిన మూడేళ్ళ పిల్ల దగ్గర నేర్చుకుంది. అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్తే ఆ పిల్ల మొహం తిప్పుకుని అనేదిట. ఆ ఇంట్లో ఆ మాట అనగలిగిన ఆడది ఆ పిల్లొక్కతే.

ప్రతి అట్ట వెనకా మాట ఎక్కడ దొరికిందో రాసుంది. 'చెయ్యి తియ్యి' అన్నదాని వెనక మాత్రం ఖాళీ.

"ఇదెక్కడ నేర్చుకున్నావు పిన్నీ?"

"టైపు కొట్టరా" అంది.

పిన్ని అచ్చు వెయ్యాలని పట్టుపట్టింది తన మేనకోడలు లావణ్య కోసం. ఆ పిల్లకి కువైట్ వీసా వచ్చింది. చెవి భాగం ఇట్టే పట్టేసింది. నోటి భాగం దగ్గరకొచ్చేసరికి నవ్వు.

"అంతంత మాటలు నేననగలనేటత్తా?"

"నవ్వకుండా చెప్పు. మా అబీ."

"మా అబీ" అని మళ్ళీ నవ్వేది. "పుస్తకం వస్తాది కదత్తా. అక్కడికెళ్ళి చూసుకుంటాన్లే."

పిన్ని సరేనంది. చేత్తో రాసుకున్న తన అట్టముక్కలు మొదట్లో ఏమయ్యాయో ఆవిడకి తెలుసు. అదే ఏజెంటు ఫొటో ఉన్న అచ్చు పుస్తకమైతే, పని నేర్పే పుస్తకమనుకుని మేడాలు ఉండనిస్తారని ఆవిడ లెక్క. అందుకే ఫైలు తీసుకుని, ఆడవాళ్ళని కువైట్ పంపే రాజోలు ఏజెంటు మురళీమోహన్ గారి దగ్గరికి వెళ్ళింది. అచ్చు ఖర్చు తనదే, పుస్తకం అట్ట మీద తన ఫొటో, పైన తన పేరు ఉండాలని ఆయనంటే ఒప్పేసుకుంది. అట్ట డిజైను నేనే చేసేను. కోటు లేని మనిషికి కోటు తొడిగేను. వెనకాల పెద్ద మేడ కావాలంటే దుబాయ్ మేడ పెట్టేను. కువైట్ పుస్తకానికి దుబాయ్ మేడేంటని ఈరోజుకీ ఎవరూ అడగలేదు, ఆయనతో సహా.

పుస్తకాలు సరిగ్గా లావణ్య బయల్దేరే పొద్దున్న వచ్చేయి. రాజోల్లో వ్యాను ఎక్కుతున్న ఆడవాళ్ళ చేతికి తలా ఒకటి ఇచ్చి మురళీమోహన్ గారు ఫొటో దిగేరు. వ్యాను వెళ్ళిపోయింది. తిరుగు ఆటోలో పిన్ని తన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వాసన చూసింది, అట్ట నిమిరింది, తర్వాత వెనక నుంచి తిప్పింది. ముందు నుంచి తిప్పింది.

"ఒరేయ్, ఇది పల్చగా ఉందేట్రా?"

చుట్టాల భోజనాలతో పుస్తకం అయిపోయింది. నోటి భాగం లేదు.

ఆటో వెనక్కి తిప్పించేం. మురళీమోహన్ గారు లేచి కుర్చీ వేసి, కొబ్బరి బోండాం కొట్టించేరు. మా వైపు మనిషి గుండె కోసినా ముందు బోండాం ఇస్తాడు.

"పిన్నిగారూ, కోప్పడకండి. అది చదివితే ఏ ఆడపిల్ల బయల్దేరుద్దండి? చెయ్యి తియ్యి అనీ, పాస్‌పోర్టేదనీ. ఎల్లకముందే బయపెట్టేత్తే ఎలాగండి?"

"నేను బయపెట్టలేదు బాబూ. నాకు జరిగినియ్యే రాసేను."

"ఆయ్, కాదన్నానేటండి? అక్కడి ఆఫీసోళ్ళు ఒప్పుకోరండి. ఎదురు చెప్పే మనిషిని మాకు పంపొద్దంటారు. పిల్లకి పని దొరకాలా వద్దా, మీరే చెప్పండి."

ఆయన మర్యాద ఎక్కడా తగ్గలేదు. పిన్ని బోండాం ముట్టుకోలేదు.

"లావణ్యని నేనే ఆపేసుండేదాన్ని గదా బాబూ, నాకు నిన్న చెప్పుంటే."

"అందుకే చెప్పలేదండి" అన్నారాయన.

నేను నోటి భాగం ఫొటోలు తీసి లావణ్య ఫోనుకి వాట్సాప్‌లో పంపేను. ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి. పిన్ని రోజూ ఈనెలు గీసే కత్తితో సహా నా కొట్టుకి వచ్చి, ఫ్లెక్సీ చుట్టల మీద కూర్చుని, "రెండోది పడిందేట్రా?" అనడిగేది. పడలేదు.

మూడో శుక్రవారం నా ఫోను మోగింది. తెలియని కువైట్ నంబరు. లావణ్యే. తన ఫోను తీసేసుకున్నారట, మేడం ఫోనులోంచి మాట్లాడుతోంది. పిన్ని పక్కనే ఉంది, స్పీకరు పెట్టేను.

"బాగున్నావా తల్లీ?"

"బాగున్నానత్తా."

"తింటన్నావా?"

"ఆఁ." గొంతు తగ్గించింది. "అత్తా, నువ్వు చెప్పినట్టే అంటున్నారు. అదే వరస. పుస్తకంలో ఉన్నవన్నీ వచ్చేసేయి. ఏమన్నా ఒక్క మాట పోకుండా అర్థమైపోతంది." ఆ పిల్ల గొంతులో నవ్వు లేదు. "అత్తా, రెండో సగం ఇందులో లేదు."

"తెలుసమ్మా. నే చెప్తాను, నువ్వు నా ఎనకాల అను. మా అబీ."

అటు కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"అను తల్లీ. నవ్వితే నవ్వేవులే. మా అబీ."

దూరంగా ఒక మగగొంతు ఏదో పిలిచింది. పొట్టి మాట. నాకు అర్థం కాలేదు. పిన్ని చేతిలో కత్తి ఆగింది.

"హాదిర్" అంది లావణ్య. మాతో కాదు.

ఫోను కట్టయింది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. పిన్ని కత్తి చీరకి తుడుచుకుని లేచింది.

"ఏమన్నాడు పిన్నీ వాడు?"

"చెవి భాగంలో మొట్టమొదటి మాటేరా. టైపు కొట్టేవు గదా" అంది, మెట్లు దిగుతూ.