కొర్రమీను జిగురు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని మా మేనత్త మీద చూపించిన రోజు గుర్తొస్తే ముందు సిగ్గేస్తుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది.

అప్పట్లో యూనివర్సిటీలో చేప ఒంటి జిగురు మీద పరిశోధన చేస్తున్నాను. బురదలో పొర్లే కొర్రమీను అంత తేలిగ్గా జబ్బు పడదెందుకు? ఆ జిగురులో పెప్టైడ్లనే బుల్లి ప్రోటీన్ ముక్కలుంటాయి. బ్యాక్టీరియా చేప ఒంటికి అంటుకోగానే ఈ ముక్కలు వాటి పొరకు చిల్లులు పెడతాయి. కొన్నయితే వైరస్‌ల పని కూడా పడతాయి.

నేను చెప్పే రోజుకు మర్నాడే, జిగురును పరీక్షించే ల్యాబ్ మిషన్ మీద నా వంతు. అది తప్పితే మళ్లీ మూడు నెలలు ఆగాలి. చెరువు చేపే కావాలి, జిగురు తాజాగా ఉండాలి. కొత్తగూడెం దాటాక అడవి అంచు ఊళ్లో మా అత్త చేపలమ్ముతుంది. ఐదు బతికున్న కొర్రమీన్లు కావాలని ముందురోజే ఫోన్ చేశాను. ఎందుకో చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నాను, అదీ నా తెలివి!

ఐస్ డబ్బా మోసుకుంటూ పొద్దున్నే బస్సు దిగాను. టబ్బులో ఐదు చేపలు తోమిన గిన్నెల్లా ఉన్నాయి.

"ఉప్పేసి, బూడిదేసి రెండుసార్లు రుద్దిన బిడ్డా. పెద్ద సార్ల ముందర జిగట చేపలు పెడితే మన ఇజ్జత్ ఏంగావాలె?"

"నాకు కావాల్సింది ఆ జిగటనే అత్తా! అంతా మోరీల పోసినవ్!" అని అరిచాను.

అత్త మొహం చిన్నబోయింది. "గా ముక్క ముందే చెప్పొద్దానే?"

చెప్పాల్సిందే. కూలబడి అప్పుడు చెప్పాను, పెప్టైడ్ల సంగతీ చిల్లుల సంగతీ. ఆమె శ్రద్ధగా విన్నది.

"అంటే దాని దవాఖానా దాని ఒంటి మీదనే ఉన్నది. నేను దవాఖానానే కడిగి పారబోసిన!" ముందు నవ్వింది ఆమే.

చీర ఎగ్గట్టుకుని చెరువుకు నడిచింది. వల వేసేవాళ్ల మీద కేకలేసింది: "జల్దీ కానియ్యిర్రి! ఎవలన్న రుద్దిన్రో, చేతులిరగ్గొడత!"

నేను తిరిగి వెళ్లాల్సిన ఖమ్మం బస్సుకు అరగంట ముందు మూడు దొరికాయి. తడి గోనెపట్టాలో చుట్టి, పసిపిల్లల్ని తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చింది. ఆమె పట్టుకుంటే నేను పక్కల మీంచి మెల్లగా గీకి సీసాలు నింపాను. చేపలు మళ్లీ చెరువులోకి వెళ్లాయి. మర్నాడు నా వంతు నాకు దక్కింది.

థీసిస్ రాసేటప్పుడు, అందులో తన పేరు పెడుతున్నానని అత్తకు ఫోన్‌లో చెప్పాను.

"పేరు సరే, ఉప్పుతోని రుద్దిన సంగతి రాసినవా?"

"లేదత్తా. నీ పరువు తీస్తానా?"

"రాయి. లేకుంటే ఇంకో పిల్లకు ఇంకో అత్త గట్లనే రుద్దుతది."

రాశాను. జిగురు తీసేముందు చేపను ఉప్పుతో గానీ బూడిదతో గానీ కడగరాదు, అని. థీసిస్ పుస్తకం తీసుకుని ఊరికి వెళ్లేసరికి అత్త చేపలు కోస్తోంది. చదువు రాదు కదా, తన మాట ఏ లైన్లో ఉందో చూపించమంది. చేతులు కడుక్కోవడానికి లేవబోతే నేనే ఆపి, ఆమె వేలు పట్టుకుని ఆ లైను మీద పెట్టాను. ఆ పేజీకి నీచు వాసన ఇంకా పోలేదు.