ఐదున్నర బస్సుకు డ్రా

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నేను మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాను, చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ.

పాల్వంచలో మా ఫ్యాక్టరీ కాలనీ కమ్యూనిటీ హాల్లో చదరంగం పోటీ. చివరి రౌండులో నా ఎదుట కూర్చున్నది భద్రాచలం అవతల అడవి ఊళ్లో ఉండే బడిపంతులు. గెలిస్తే జిల్లా జట్టులో ఆయనకు చోటు, డ్రా అయితే లేదు. నాకు గెలిచినా ఓడినా ఒరిగేదేమీ లేదు. కూర్చోగానే తనే చెప్పాడు.

"జర జల్దీ ఆడుదాం సార్. ఐదున్నర బస్సు తప్పితే మా ఊరికి ఇంకో బండి దొరకదు. పాపకు జరం, ఇంటామె ఒక్కతే ఉంది."

నలభై ఎత్తులకే నా పని అయిపోయింది. ఆయన బంటు ఇంకో రెండు గడులు నడిస్తే మంత్రి అవుతుంది, ఆపే దారి లేదు. ఓటమి ఒప్పుకుని లేవాల్సింది. కానీ వెనక మా షిఫ్టు వాళ్లు నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముందు ఓడటం నాకు నామోషీ. పెద్ద ఆటగాణ్నని క్యాంటీన్లో కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు మరి.

అప్పటికి ఐదయింది. ఆట గడియారంలో నా వంతుకు ఇంకా అరగంట ఉంది. తల పట్టుకుని కూర్చున్నాను. ఆలోచించడానికి ఏమీ లేదు, బస్‌స్టాండుకు పది నిమిషాల నడక అన్న సంగతి తప్ప. ఆయన గోడ గడియారం వైపు చూస్తాడు, బోర్డు వైపు చూస్తాడు, నన్ను మాత్రం తొందరపెట్టడు.

ఐదుంబావుకు ఒక ఎత్తు వేసి, "డ్రా చేసుకుందామా?" అన్నాను.

ఆయన తన బంటు వైపు కాసేపు చూశాడు. "అట్లనే కానియ్యండి సార్" అని చెయ్యి కలిపాడు. సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"టైమున్నా నా కోసం ఆపేసిండ్రు. నేనే అడుగుదామంటే నోరు రాలే."

జిల్లా జట్టుకు ఇంకెవరో వెళ్లారు. మా షిఫ్టు వాళ్లు నాకు టీ ఇప్పించారు. తాగాను కూడా, సిగ్గులేకుండా.

మొన్న భద్రాచలం బస్‌స్టాండులో ఆయనే నన్ను గుర్తుపట్టి పిలిచాడు. పక్కన భార్య, ఆమె కొంగు పట్టుకుని పాప.

"చెప్తుంటి కదా, ఆ సార్ ఈయనే" అన్నాడు భార్యతో. "ఆ దినం పాపను టైముకు దవాఖానాకు తీస్కపోయినమంటే ఈయన పుణ్యమే."

ఇప్పుడు చెప్పేయాలనుకున్నాను. నోరు తెరిచి, "పాప బాగుందా?" అన్నాను.

ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేనూ పెట్టాను.