ఉరి పడనివాడి క్షమాభిక్ష

2016, కొత్త జిల్లాలు విడగొట్టిన ఏడాది. కరీంనగర్ కోర్టులో ఒక క్రిమినల్ వకీలు దగ్గర గుమస్తాగా ఉన్నాను. గుమస్తా అంటే కట్టలు మోసేవాడనుకుంటారు. దరఖాస్తు రాసేదీ, నకళ్లు తీసేదీ, వాయిదాలు గుర్తుపెట్టుకునేదీ మేమే.

సుల్తానాబాద్ దగ్గరి పల్లె నుంచి రాజవ్వ వచ్చింది. పొలానికి నీళ్లు మళ్లించే తగాదాలో ఆమె చిన్నకొడుకు మల్లయ్య అన్నను పారతో కొట్టాడు. అన్న చనిపోయాడు. మల్లయ్యకు యావజ్జీవం పడింది, అప్పీలూ కొట్టేశారు.

"సచ్చినోడు నా కొడుకే, సంపినోడు నా కొడుకే. నేనే మాఫ్ జేసిన, ఇంకెవ్వలు జెయ్యాలె కొడుకా? నేను సస్తే కొరివి వెట్టెటోడు లేడు" అన్నది.

వకీలు సాబు చెప్తే రాష్ట్రపతికి క్షమాభిక్ష దరఖాస్తు రాశాను. కొన్నాళ్లకు జవాబొచ్చింది: ఇది మా పరిధి కాదు, గవర్నర్‌కు పెట్టుకోండి. స్టాంపులమ్మే జహంగీర్ నవ్వాడు. "హైదరాబాద్‌ల దిగేటోళ్లు ఢిల్లీ దాంక పోయిండ్రు గదనే!"

నాకు మండింది. దేశానికే పెద్ద, ఆయనకు పరిధేమిటి? నా చదువు ఏడో తరగతి. రాజ్యాంగం తెలుగు ప్రతి తెచ్చుకుని 72, 161 అధికరణాలు పక్కపక్కన పెట్టి చదివాను. ఉరిశిక్షయితే ఎవరిదైనా రాష్ట్రపతి వినవచ్చు. సైనిక కోర్టుల శిక్షలు, కేంద్రం పరిధిలోని నేరాలూ ఆయనవే. ఇలాంటి హత్యకేసులో యావజ్జీవమైతే గవర్నర్. అదే రాజవ్వకు చెప్పాను.

"అంటే, ఉరేస్తమంటే పెద్దసారు ఇంటుండె. బతకనిచ్చిండ్రని ఇనడా?"

తప్పని ఎలా అనను? రూలు అదే.

గవర్నర్‌కు రాశాం. అక్కడ మంత్రివర్గం సలహా ప్రకారం నిర్ణయిస్తారు. దానికి ముందు పోలీసులు ఊళ్లో విచారించాలి. ఎస్సై వచ్చిననాడు నేనూ వెళ్లాను. రాజవ్వ మాట రాసుకుని, చనిపోయినవాడి భార్య స్వరూపను పిలిచాడు. అత్తాకోడళ్లది ఒకే పొయ్యి.

"అత్తా, నీ కొడుకును నువ్వు మాఫ్ జేసినవ్. నా మొగన్ని సంపినోన్ని నేను జెయ్యలే" అన్నది స్వరూప. అని, లోపలికి పోయి అత్తకు అన్నం పెట్టుకొచ్చింది. రాజవ్వ తిన్నది.

దరఖాస్తు తిరస్కరించారు. కారణం రాయలేదు. ఎవరి మాట లెక్కలోకి తీసుకున్నారో, తీసుకున్నారో లేదో కూడా, నాకు నేటికీ తెలియదు.

నేర్చుకున్నది ఇంతే. క్షమాభిక్ష రాసేముందు శిక్ష ఏమిటో చూసి చిరునామా రాయాలి. ఆ తర్వాత, చచ్చినవాడి ఇంట్లో ఎవరెవరున్నారో అడగాలి. ఈ రెండోది ఏ అధికరణంలోనూ లేదు.