పగటి కథ

పాకాల రైలు గేటు పక్కన, తన ఇంటి అరుగు మీద అలివేలమ్మ పొద్దంతా చింతపండు కొడుతూ కూర్చుంటుంది. సుత్తె దెబ్బకు ఎగిరిపడిన గింజను తల ఎత్తకుండానే చాటలోకి తోస్తుంది. ఒకప్పుడు దీపాలు పెట్టగానే వీధి పిల్లలంతా ఆ అరుగెక్కేవాళ్లు. తోడేలు కథైనా, తాబేలు కథైనా చివర ఆమె అడిగేది ఒక్కటే: "ఇంతకీ మనకేం తెలిసిందిరా?" జవాబు చెప్పందే ఎవరినీ లేవనిచ్చేది కాదు. పగలు మాత్రం ఎంత బతిమాలినా కథ చెప్పేది కాదు. పగటిపూట కథ చెబితే దారిన పోయేవాళ్లు దారి తప్పుతారని వాళ్లమ్మ చెప్పిన మాట ఆమెకు శాసనం. ఆ పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు. ఇప్పటి పిల్లలకు ఆ వేళకు ట్యూషన్లు.

మొన్న మిట్టమధ్యాహ్నం, పుట్టింటికొచ్చిన కోమలి ఆ అరుగు ముందు ఆగిపోయింది. చిన్నప్పుడు అక్కడే కూర్చుని ఊ కొట్టిన పిల్ల. అలివేలమ్మ ఎదురుగా ఎవరూ లేరు. అయినా చేతులు తిప్పుతూ, గట్టిగా చెబుతోంది: "పావురాలన్నీ ఒక్కసారిగా లేసి, వలతో సహా ఎగిరిపోయినాయి. ఇంతకీ మనకేం తెలిసింది?" అడిగి, జవాబు కోసమన్నట్టు కాసేపు ఆగింది.

"ఏందవ్వా, పట్టపగలు కథ సెప్తా ఉండావు? దోవన పొయ్యేటోళ్లు దోవ తప్పరా?" అంది కోమలి.

అలివేలమ్మ గేటు దాటి ఆగకుండా పోతున్న బండ్ల వైపు చూసింది.

"తప్పనీ మే," అంది. "తప్పినోళ్లు ఎవురన్నా ఈడికొచ్చి, దోవ యాడని నన్ను అడగరా?"